అంగుళం మీద మూడు నూళ్ళు

ఏంటి, మీ తాతయ్య ఫోటో దొరికిందా? ఏదీ, ఇలా ఇవ్వు. ఆ కుర్చీ లాక్కుని కూర్చో ముందు, నిలబడి అడిగితే నాకు మాట రాదు. ఆఁ, ఈయనే. మా మావయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. నువ్వు పుట్టే నాటికే పోయాడు, నువ్వెక్కడ చూస్తావులే. ముక్కు మాత్రం నీకు ఆయనదే వచ్చింది, దానికి నేనేం చెయ్యలేను. కోపంగా ఉన్నట్టున్నాడంటావా? కోపం కాదే, ఫోటో తీసేవాడు కదలొద్దన్నాడని ఊపిరి బిగబట్టాడు. మిల్లులో ఫిట్టరు. పగలంతా మిల్లు మిషన్లు, సాయంత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో సైకిళ్ళు. కొన్నవి కాదు, కట్టినవి. పాత ఫ్రేములు కోసి, గొట్టాలు సాపు చేసి, ఇత్తడి పోసి అతికి, మనిషిని బట్టి బండి కట్టేవాడు. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, అందరికీ పావుచుట్టే. ఎందుకంటే ఏ నట్టు బిగించినా, అంతా అయిపోయిందనుకున్నాక, "ఉండు, ఇంకో పావు చుట్టు" అనేవాడు. అన్నం పెట్టుకోవడం కూడా అంతే, చాలు చాలంటూనే ఇంకో పావు గరిటె. మీ నానమ్మ ఆ మాట చెప్పి నవ్వేది.

ఆ పక్కనున్న సైకిలు నాది. నాకోసం కట్టింది. చెప్తా, చెప్తా, కంగారు పడకు. నేను నర్సు చదువు పూర్తి చేశాను కదా, పూర్తి చేసి ఏడాదైనా ఉద్యోగం లేదు. చివరికి ఒకటి వచ్చింది, రాళ్ళ క్వారీ దగ్గర. పొద్దున్న ఎనిమిదింటికి ఊళ్ళో ఆసుపత్రిలో సంతకం పెట్టి, మందులు తీసుకుని, పదింటికల్లా గుట్ట మీద క్వారీ ఇళ్ళ దగ్గర ఉండాలి. సగం దారి తారు రోడ్డు, మిగతా సగం రాళ్ళూ గోతులూ. బస్సు లేదు. నా కాలు సంగతి నీకు తెలుసుగా, చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు ఎదగడం మానేసింది. ఉద్యోగం కోసం వెళ్తే ఆసుపత్రి పెద్ద డాక్టరు నన్ను గుమ్మంలోంచి నడిచి రావడం చూశాడు. కాగితాలు చూడలేదు, నడక చూశాడు. ఈ అమ్మాయి గుట్టెలా ఎక్కుతుందయ్యా అని గుమాస్తాని అడిగాడు, నేను ఎదురుగానే ఉండగా. నాకు ఒళ్ళు మండింది. సైకిలు మీద వెళ్తానండి అన్నాను. అప్పటికి నాకు సైకిలు లేదు. సరే, నెల టైమిస్తాను, ఫలానా రోజు పదింటికి నేను జీపులో వెళ్ళి చూస్తాను, నువ్వక్కడ ఉంటే ఉద్యోగం నీది, లేకపోతే ఇంకొకరికి అన్నాడు. అంతే. నా బతుకు ఆ పదింటి మీద పడింది.

ఇంటికొచ్చి చెప్తే మావయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నడవడం కష్టమైతే ఏం, తొక్కుతావు, నేను కడతాను అన్నాడు. రమ్మని షెడ్డు గోడకి నిలబెట్టి కొలతలు మొదలెట్టాడు. చెయ్యి కొలిచాడు, భుజం కొలిచాడు, కాలు కొలవాల్సొచ్చింది. ఇప్పుడు నీకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో నా కాలు గురించి ఎవరూ మాట్లాడకూడదు. అమ్మ పెట్టిన రూలు. ఎవరైనా చుట్టం నోరు జారి "పాపం" అన్నాడనుకో, అమ్మ లేచి గిన్నెలు సర్దడం మొదలెట్టేది, ఆ చప్పుడుకి చుట్టం ఊరుకునేవాడు. నేను గడప తట్టుకుని పడితే గడప ఎత్తుగా ఉందనేవాళ్ళు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇంటిల్లిపాదీ అదే పని. ఆ రోజు అమ్మ షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది. నేనేం చేశానంటే, కుడి మడమ పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడ్డాను. రెండు కాళ్ళూ సమానం. మావయ్య కొలిచాడు, గోడ మీద సుద్దముక్కతో రాశాడు. చక్రం వెంట్రుకవాసి వంకర తిరిగితే అవతలి గదిలోంచి కనిపెట్టే మనిషి, నా మడమ కనపడలేదంటే నమ్ముతావా? నేను నమ్మాను. నమ్మాలనిపించింది, నమ్మాను.

బండి మాత్రం బండి కాదే, బంగారం. పాత పాలబండి ఫ్రేము పైగొట్టం కోసేసి, కిందికి వాల్చి రెండు గొట్టాలు అతికాడు, కాలు పైకెత్తి ఎక్కక్కర్లేకుండా. చక్రాన్ని పట్టే ఫోర్కు సాగదీసి లావు టైర్లు పట్టేంత చోటు చేశాడు, మధ్యలో రాయి ఇరుక్కోకూడదని. ముందు మందుల పెట్టెకి స్టాండు, ఎంత గోతిలో పడినా సీసాలు పగలకూడదని దాని కింద రబ్బరు ముక్కలు. అన్నిటికన్నా గొప్పది వెనక చక్రం. రెండు వైపులా పళ్ళచక్రాలు బిగించాడు, ఒక పక్క చిన్నది, ఇంకో పక్క పెద్దది. తారు రోడ్డు మీద చిన్నది, రయ్యిన పోతుంది. గుట్ట మొదట్లో దిగి, రెండు నట్లు వదులు చేసి, చక్రం ఊడదీసి తిరగేసి పెడితే పెద్దది చైనులోకి వస్తుంది. అప్పుడు మెల్లిగా పోతుంది గానీ గోడైనా ఎక్కుతుంది. ఆ చక్రం తిరగెయ్యడం నాతో ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు. ముందు నట్లు చేత్తో, తర్వాత చక్రం నడిమికి వచ్చిందో లేదో చూడు, తర్వాత పానా, తర్వాత... అదే, పావు చుట్టు. నాకు కలలో కూడా నట్లే కనపడేవి.

ఎక్కి తొక్కాను. ఊళ్ళో బాగానే ఉన్నట్టుంది. గుట్ట దారి పట్టేసరికి నడుం పట్టేసింది. సీటు ఎడమకాలికి సరిపెడితే కుడికాలు కిందికి అందదు, ప్రతి చుట్టుకీ నడుం పక్కకి జారుతుంది. కుడికాలికి సరిపెడితే ఎడమ మోకాలు గడ్డం దాకా వస్తుంది, ఎత్తు ఎక్కడానికి బలం చాలదు. నేను అదంతా చెప్పలేదుగా. ఏదో తేడాగా ఉంది మావయ్యా, అంతే అన్నాను. ఆయన హ్యాండిలు తిప్పాడు. సీటు ముక్కు దించాడు. బేరింగులు విప్పి గోళీలన్నీ కిరసనాయిల్లో కడిగి మళ్ళీ పేర్చాడు. చక్రం బెండు లేకపోయినా బెండు తీశాడు. రోజూ నేను వెళ్ళడం, సగం గుట్టలో దిగి నెట్టుకుంటూ పైకి చేరడం. పదిన్నర, పదింబావు, పదకొండు. పది మాత్రం కాలేదు. రోజులేమో అయిపోతున్నాయి. మావయ్య తిండి సరిగ్గా తినడం మానేశాడు. తను కట్టిన బండి మనిషికి కుదరకపోవడం ఆయనకి అదే మొదలు, మరి.

ఇంకో తొమ్మిది రోజులుందనగా పడ్డాను. గుట్ట దిగేటప్పుడు, రాళ్ళ మీద. కుడికాలు పెడలు మీంచి జారింది, బండితో సహా పక్కకి దొర్లాను. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతూ ఇంటికొచ్చాను. అమ్మ చూసింది. చూసి నన్నేం అనలేదు, తిన్నగా షెడ్డులోకి వెళ్ళి తమ్ముడి మీద పడింది. చెత్త ఇనుమంతా ఏరుకొచ్చి అతుకులేసి నా కూతుర్ని చంపుదామనుకున్నావా అంది. నీకు పనితనం లేకపోతే లేదని చెప్పాల్సింది అంది. పనితనం లేదని. మావయ్యని. ఆయన తల దించుకుని, "తప్పు నాదే అక్కా, రేపు మొత్తం విప్పి మళ్ళీ చూస్తా" అన్నాడు. ఎంత మెల్లిగా అన్నాడో. ఆ గొంతు నేను ఓర్చుకోలేకపోయాను. నా సిగ్గు కోసం ఆ మనిషి తన పనితనాన్ని తిట్టించుకుంటున్నాడు.

"బండి బాగానే ఉందమ్మా. నా కాలే పొట్టి" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆ ఇంట్లో వినపడటం అదే మొదటిసారి. అమ్మ సర్దడానికి గిన్నె కోసం చూసింది, షెడ్డులో గిన్నెలెక్కడివి? మావయ్య తలెత్తి నన్ను చూశాడు. నువ్వు మడమెత్తడం చూశానే, అక్క నిలబడి ఉందని ఊరుకున్నాను అన్నాడు. అని, ఎంత పొట్టి అని అడిగాడు. నాకు తెలీదు. డాక్టర్లని కూడా అమ్మ కొలవనివ్వలేదు. టేపు కోసం ఆయన వెతుక్కుంటుంటే వెనక నుంచి అమ్మ చెప్పింది.

"అంగుళం మీద మూడు నూళ్ళు."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతులే, వడ్రంగులూ ఫిట్టర్లూ అలాగే లెక్కేస్తారు. మేమిద్దరం ఆవిడ వైపు చూశాం. మా అమ్మ బట్టలు కుట్టేదని చెప్పానా? చెప్పలేదా? ఊళ్ళో సగం మందికి ఆవిడే కుట్టేది. "చిన్నప్పట్నించీ ప్రతి లంగాకీ కుడిపక్క అంచు మడుస్తూనే ఉన్నాను. ఏటేటా పెంచుతూ వచ్చాను. నాకు తెలీకపోవడం ఏంటి" అంది. అని, అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా లంగా ఎప్పుడూ సమానంగా ఎందుకుంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదే, చూడు. మావయ్య మాత్రం ఏడవలేదు. అక్క మాట మీద నమ్మకం లేక కాదు గానీ, ఆయన చెయ్యి ఊరుకోదు, మళ్ళీ కొలిచాడు. సరిగ్గా అంతే.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. మర్నాటికల్లా కుడి పెడలు మీద చెక్క దిమ్మ కూర్చుంది. దాని పైన లారీ టైరు ముక్క, కాలు జారకుండా. దిమ్మ బరువుకి పెడలు తలకిందులవుతోందని అడుగున ఇనుప పలక వేలాడదీశాడు, ఎప్పుడు కాలు పెట్టినా దిమ్మ పైనే ఉండేలా. సీటు ఎడమకాలికి సరిపెట్టాడు. ఇంతే. ఫ్రేము ముట్టుకోలేదు. ఆ తర్వాత సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తా, మళ్ళీ మర్చిపోతాను. క్వారీలో వేళ్ళు పోయినవాళ్ళూ, మోకాలు వంగనివాళ్ళూ ఆ దిమ్మ చూసి మావయ్య దగ్గరికి రావడం మొదలెట్టారు. కొలిచేది ఎవరనుకున్నావు? మా అమ్మ. మెళ్ళో టేపేసుకుని షెడ్డులోకి వచ్చేది. ఎవరైనా సిగ్గుపడి కాలు ముడుచుకుంటే, "దాస్తే నష్టం నీకే నాయనా, బండికేం" అనేది. ఎవరు, మా అమ్మ. ఆ మాటనడం నా చెవులతో విన్నాను కాబట్టి నమ్మాను.

ఆఁ, ఆ రోజు. మావయ్య తోడొస్తానన్నాడు, నేను వద్దన్నాను. దారిలో నట్టు వదులైతేనో అన్నాడు, బిగించుకుంటాను అన్నాను. ఎనిమిదింటికి సంతకం పెట్టాను. గుట్ట మొదట్లో దిగి చక్రం తిరగేశాను. సగం దారిలో ఒకావిడ పిల్లని చంకనేసుకుని దిగుతూ ఎదురొచ్చింది, పిల్ల చెయ్యి కాలింది, వేడి గంజి మీద పడిందట. ఆగి కడిగి, మందు రాసి, కట్టు కట్టాను. ఆ పిల్ల ఏడుపు ఆపి నా బెల్లు మోగించింది. అయ్యో టైమైపోతోందని మళ్ళీ ఎక్కాను. పైకెళ్ళేసరికి జీపింకా రాలేదు. సరిగ్గా పదింటికి జీపొచ్చింది, పెద్ద డాక్టరు దిగి గడియారం చూసుకున్నాడు, అప్పటికి నేను ఆరుగురు పిల్లలకి సూదులేశాను. ఆయన నా నడక చూడలేదు ఈసారి, నా రిజిస్టరు చూశాడు. రేపట్నించి రా అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు వెళ్ళాను.

సాయంత్రం ఇంటికొస్తే మావయ్య సందు మొదట్లోనే నిలబడి ఉన్నాడు, మిల్లుకి వెళ్ళలేదు. చేతిలో పానా. ఉద్యోగం వచ్చిందా అని అడగలేదే ఆ మనిషి. బండెలా ఉంది అని అడిగాడు. చెబుదామని నోరు తెరిచాను. ఏం చెప్పను? ఆ పిల్ల చెయ్యి గుర్తుంది, బెల్లు మోగించడం గుర్తుంది, సూదులకి ఏడ్చిన మొహాలు గుర్తున్నాయి. బండి ఎలా ఉందో ఎంత వెతుక్కున్నా తట్టలేదు.

"బండి సంగతే గుర్తు రాలేదు మావయ్యా" అన్నాను.

అన్నాక భయమేసింది, నెల రోజులు ప్రాణం పెట్టి కట్టిన మనిషితో అనాల్సిన మాటేనా అని. ఆయన అక్కడే సందులో గట్టు మీద కూర్చుండిపోయి, గ్రీజు చేతులతోనే మొహం తుడుచుకున్నాడు, మొహమంతా నల్లగా అయింది. అప్పుడు ఇంటి వైపు తిరిగి గట్టిగా అరిచాడు, "అక్కా, బండి గుర్తే రాలేదంట దీనికి" అని. లోపల అమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. నేను అప్పుడు చూసుకున్నాను, కాలు కూడా... పొద్దుట్నించీ ఒక్కసారి కూడా గుర్తు...

ఆ నీళ్ళ సీసా ఇటివ్వు.