తిప్పన్న నేర్పిన మాట

ఊరికి పడమట గుర్రాలబావి ఉందే, మేకలోళ్లు కూడా చుట్టు తిరిగి పోతారే, ఆ బావి సంగతి చెప్తాండా. రేయ్ సుదర్శనం, ఆ ఫోను పక్కన పెట్టు, లేకుంటే లేచి పో. దెయ్యముందా అంటారా? ఉంది. నవ్వకండ్రా, నవ్వే కథ కాదిది.

ఎప్పటిదో రాజులనాటి దిగుడుబావి అది, కిందిదాకా మెట్లు, మెట్టు మెట్టుకూ చెక్కిన తీగెలు, గుర్రాలు, అంత చక్కటిదాన్ని ఊరోళ్లు చెత్త పోసి పోసి పూడ్చేసినారు. రాళ్లు కొట్టే పల్లపు తిప్పన్నకు నాగవేణి అని ఒక్కతే కూతురు, కాలేజీలో చదువుతా సెలవులకు వచ్చి, ఎవురో వచ్చి బాగు చేస్తారని కూర్చుంటే ఇది మట్టిలో కలిసిపోతుంది, మనమే చేసుకోవాల అని ఊర్లో వయసు పిల్లోల్లనంతా పోగేసింది. తిప్పన్న మురిసిపోయినాడు. తన పని తనతోనే పోతుందని ఆయనకు ఒకటే దిగులు, ఇప్పుడు ఇంతమంది నేర్చుకుంటామని వస్తే ఇంకేం కావాల? ఉలి పట్టేది నేర్పినాడు, సున్నం కలిపేది నేర్పినాడు, అన్నిటికంటే ముందు తాడు మాట నేర్పినాడు. పైనుంచి తాడుతో దించిన రాయి కుదురుకున్నాక కిందుండేవాళ్లు 'పోనీ' అంటారు, అంటే పైవాళ్లు తాడు వదిలెయ్యాల. ఆ మాట చెవిన పడితే ఆలోచన చెయ్యకూడదు, చెయ్యి కదలాల అని పొద్దస్తమానం అదే చెప్పేవాడు.

సగం మెట్లు కుదిరినాయి. ఆ పొద్దు తీగె చెక్కిన రాయిని దించుతాంటే గోడకు రాసుకొని పెచ్చు లేచిపోయింది. తిప్పన్న ప్రాణం ఉసూరుమంది. ఏ మహానుభావుడు చెక్కినాడో, నా చేతిలో చెడిపాయనే అని పైనుంచి ఒకటే బాధపడతాంటే, కింద నిలబడుకున్న నాగవేణి చూడలేక తలెత్తి, పోనీ నాయనా, అనింది. పోనీలే అని నాయన్ను ఓదార్చింది, పిచ్చితల్లి. అంతే, తిప్పన్న చెయ్యి వదిలింది. వెనక పట్టుకున్న పిల్లోల్ల చేతులూ వదిలినాయి, ఎంత బాగా నేర్చుకున్నారో చూడండి! రాయి ఇంకా గాలిలోనే ఉన్నింది.

ఆ పిల్ల మళ్లీ లేయలేదు. పిల్లోల్లు ఒక్కరూ అటు తిరిగి చూడలేదు, వాళ్లను అని ఏమి లాభం? తిప్పన్న మాత్రం పొద్దు గుంకే వేళకు పోయి ఆ తాడు పట్టుకొని గట్టు మీద కూర్చుండేవాడు. కిందినుంచి 'పోనీ నాయనా' అని వినపడతాందని నా దగ్గర ఏడ్చినాడు. పిచ్చోడా, నీ తప్పేం లేదంటాంది బిడ్డ, ఇంక వదిలెయ్ అని నేనంటే, వదిలినందుకే గదక్కా పోయింది, ఇంక వదల్ను అన్నాడు.

ఒకనాడు తెల్లారి చూస్తే తాడు పట్టుకొనే చచ్చిపోయి ఉన్నాడు. పిడికిలి విప్పను ఎవురివల్లా కాలేదు. ఆపక్కా ఈపక్కా తాడు కోసి, మధ్య ముక్కతోనే పూడ్చినారు. ఆయన దెయ్యం కాలేదు. ఆ పిల్లే ఇంకా పిలుస్తాంది, పొద్దు వాలితే మీకూ వినపడుతుంది, పోనీ నాయనా, పోనీ అని. నాయన లేడని దానికెవురు చెప్పాల?

అందుకే అటు పోవద్దండి. దెయ్యం మిమ్మల్నేం చెయ్యదు. మెట్లు సగమే బాగైనాయి, కాలు జారుతుంది.