పదహారేళ్ల తర్వాతి బొమ్మ

బాల్టిమోర్. ఆసుపత్రి గది, మధ్యాహ్నం. చూపు పోయిన ఎమెట్ మంచం మీద, భార్య లోర్నా ఒళ్లో కంప్యూటర్.

"నక్షత్రాల బొమ్మ వచ్చిందా అంటే సూప్ అంటావేంటి?"

"పీతల సూప్, ఎమెట్. నీకిష్టమని ఇంట్లో కాచి తెచ్చా. నోరు తెరువు."

"డాక్టరు ఇంక రెండ్రోజులే బతుకుతానన్నాడు. సూప్‌కి తీరిక లేదు. టెలిస్కోపు ఆఫీసు నుంచి డెస్మండ్ పొద్దున్నే పంపుతానన్నాడుగా."

"చూస్తున్నా... ఆ. వచ్చింది."

"పాత బొమ్మ పక్కన పెట్టావా?"

"పెట్టా. పదహారేళ్ల కిందటిది, ఇప్పటిది. మార్చి మార్చి చూస్తున్నా."

"ఆ వెలుగు ముద్ద కదిలిందా?"

"కదిలింది."

"ఎటు?"

"నర్సు వస్తానంది, కాస్త ఆగి..."

"ఎటు అంటున్నా. ఎడమనున్న పెద్ద నక్షత్రం చిమ్మిన వాయువు ఎదురుగా ఉన్నదాన్ని గుద్ది వెలిగించిందయితే, కుడికి జరగాలి. కుడివైపు ధూళిలో దాక్కున్న పిల్ల నక్షత్రానిదైతే, ఎడమకి. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"కుడికే."

"కుడికే?"

"కుడికేనయ్యా. నువ్వన్నట్టే. పెద్దదానిదే."

"నలభయ్యేళ్ల కాపురంలో మొదటిసారి నాతో ఒప్పుకున్నావు. ఇంక ఎప్పుడూ ఓడే మన ఊరి బేస్‌బాల్ జట్టు ఓరియోల్స్ కూడా కప్పు కొడతారు."

"ఒప్పుకోక చస్తానా. తాగు."

"నా వేలు పట్టుకో. తెర మీద పాత చోట పెట్టు."

"ఇప్పుడవన్నీ ఎందుకు..."

"పెట్టు... ఇక్కడా? సరే. కొత్త చోటికి జరుపు."

"ముందు సూప్ తాగు, చల్లారిపోతోంది."

"జరపవేం? వేలు పాత చోటే ఆపేశావు."

"తెర మీద మరకలు పడతాయి."

"లోర్నా, అది పిల్ల నక్షత్రం పనేనని పదహారేళ్ల కిందట చెప్పిందెవరు?"

"నేనే. పాత గొడవ. వదిలెయ్."

"అందరి ముందూ నవ్వి, మనిద్దరి పరిశోధన వ్యాసంలోంచి ఆ మాట కొట్టేసిందెవరు?"

"నువ్వే. అయితే? ఇప్పుడు నిన్ను ఓడించి పంపమంటావా? నా వల్ల కాదు, ఎమెట్. అన్నేళ్లు కోపం మోశాను, ఇది మాత్రం మోయలేను. కుడికే జరిగింది. కుడికే, కుడికే. ఇంక పడుకో."

"పొద్దున నువ్వు సూప్ కోసం ఇంటికెళ్లావే, అప్పుడే డెస్మండ్ ఫోన్ చేసి ఎడమకి జరిగిందని చెప్పాడు. నువ్వు గెలిచావని నీ నోట వింటే, క్షమించమని అడుగుదామని అప్పట్నుంచీ చావకుండా కాచుకునున్నా."