నిద్ర అర

సినిమా డిస్కులు అద్దెకిచ్చే చిన్న దుకాణం. యజమాని పోయాక అతని భార్య, చెల్లెలు కలిసి అరలు ఖాళీ చేస్తున్నారు.

"ఇది హాస్యంలో ఎందుకుంది వదినా? ఇందులో తల్లి చచ్చిపోతుంది కదా."

"ఆవిడ పోయేది చివర్లో. అందాకా నవ్విస్తుంది."

"వీటిని తీసుకెళ్లే కాలేజీ లైబ్రరీవాళ్లు ఒప్పుకోరు. హాస్యం, కుటుంబం, దెయ్యాలు, ఫైటింగులు... ఏ రకం ఆ పెట్టెలోనే ఉండాలన్నారు."

"మీ అన్నయ్య లెక్క వేరు. డిస్కు తిరిగిచ్చేటప్పుడు అడిగేవారు, నవ్వారా, ఏడ్చారా, జడుసుకున్నారా, నిద్రపోయారా అని. వాళ్లేం చెబితే ఆ అర."

"అందుకా, పెళ్లి సినిమా దెయ్యాల్లో ఉంది?"

"అది మన టైలరు తీర్పు. అప్పటికి కొత్తగా పెళ్లయింది."

"నవ్వించకు వదినా, చేతిలోవి పడిపోతాయి. సరే, ఈ నిద్ర అర మొత్తం చెత్తలోకేనా?"

"వద్దు."

"నిద్రొచ్చే సినిమాలు ఎవరిక్కావాలి?"

"వద్దన్నానా. కుటుంబంలో పెట్టు. కాదు, ఉండు... ఏడుపుల్లో పెట్టు."

"అన్నీనా? అసలు వీటికి నిద్రొచ్చిందని చెప్పిందెవరు?"

"నేనే."

"ఇన్నిటికీ నువ్వొక్కదానివేనా?"

"ఇంటికి తెచ్చిచ్చేవారు. పనయ్యాక చూసేదాన్ని. పొద్దున్నే అడిగితే, నిద్రపోయాననేదాన్ని."

"నిజంగా పోయేదానివా?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"వదినా."

"ఏడ్చానంటే ఎందుకని అడుగుతారు. అప్పుడు పాప మాట ఎత్తాలి. పాప పోయాక ఆ మాట మా ఇద్దరి మధ్యా రాలేదు అమ్మడూ. ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు."

"అందుకేనా వీటిని ఏడుపుల్లో పెట్టమన్నావు?"

"ఎంత మంచి సినిమాలో. నా అబద్ధంతో మూలన పడ్డాయి. నాకు సినిమాలంటే పడదనుకునే పోయారు ఆయన. ఒక్కసారి... ఒక్కసారి నిజం చెబితే నా సొమ్మేం పోయేది?"

"పడదనుకున్నవాడు అన్నేళ్లు ఎందుకు తెస్తాడు?"

"మంచి మనిషి కాబట్టి."

"కాదు వదినా. ఇప్పుడు గుర్తొస్తోంది, ఈ అట్టలన్నీ నేను మా ఇంట్లో చూసినవే. అన్నయ్య ముందు అక్కడ కూర్చుని చూసేవాడు. బిడ్డ పోయిన కథయితేనే నీకు తెచ్చేవాడు. 'ఈసారైనా తను ఏడ్చానంటే బాగుండు, పక్కన కూర్చుని నేనూ ఏడుస్తాను' అనేవాడు."