ముట్టుకుంటే పోయే కరెంటు

ఇంటి వెనక బట్టలుతికే మిషన్. దాని పక్కన ఇంటావిడ, ఎలక్ట్రీషియన్. గుమ్మంలో పనిమనిషి.

"నేను వేస్తే గంటసేపు శుభ్రంగా తిరుగుతుంది బాబూ. ఈవిడగారు చెయ్యి పెడితే చాలు, ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోతాయి. దీన్నేమంటారు?"

"ట్రిప్ అవడం అంటారమ్మా."

"పని ఎగ్గొట్టడం అంటారు."

"నేనేం చెయ్యలేదమ్మగారూ."

"నిన్నడగలేదు. పొద్దున్నే మానెయ్యమన్నానుగా, ఇంకా ఎందుకు నిలబడ్డావ్?"

"పైన మూడిళ్లలోనూ నావి దొంగ వేషాలని చెప్పారంట. ఆ ఇళ్లు కూడా పోతే నేనెలా బతకను? ఈ అన్న చూసి చెప్పేది విని పోతాను."

"విను, విను. బాబూ, ఆ కొత్త ట్రిప్ స్విచ్ పీకేసి పాత ఫ్యూజే పెట్టెయ్. అది పెట్టిన వారం నుంచే ఈ నాటకం."

"అంతకు ముందేమీ లేదా?"

"అంతకు ముందా... జిల్లుమంటోంది, జిల్లుమంటోంది అనేది."

"ఈమేనా?"

"ఈమె ముందున్నదీ అదే పాట. దానికి ముందున్నదీ అంతే. ఒకరికొకరు నేర్పించుకుని వస్తారు."

"వాళ్లెవరో నాకు తెలీదమ్మగారూ."

"తెలీకుండా ముగ్గురూ ఒకే మాట ఎలా అంటారు?"

"అమ్మా, ఒక్క నిమిషం. ఈ ప్లగ్గుకి మూడో కాలు ఏదీ? లావుది?"

"అదా. బోర్డులో దూరట్లేదని మా ఆయనే కోసేశారు. రెండు కాళ్ల మీద బాగానే నడుస్తోందిగా."

"ఎప్పుడు కోశారు?"

"కొన్నప్పుడే. రెండేళ్లవుతోంది."

"అది ఎర్తు కాలు, అమ్మా. అది లేక, లోపల లీకైన కరెంటు మిషన్ రేకులోకొచ్చి కూర్చుంది. ఇదిగో, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, రేకు మీద టెస్టర్ పెట్టాను. వెలిగిందా?"

"ఏమో, ఎండకి కనబడట్లేదు."

"చెయ్యి అడ్డం పెట్టాను, ఇప్పుడు చూడండి."

"వెలిగితే వెలిగింది. మరి నాకెందుకు కొట్టదు? కరెంటుకి కూడా మనిషిని బట్టి మర్యాదా?"

"మీ కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి. ఏమ్మా, నీ చెప్పులేవీ?"

"బయటే విడుస్తాను, అన్నా. లోపలికి వేసుకు రావద్దన్నారు."

"విన్నారా? తడి నేల, వట్టికాళ్లు. కరెంటు ఈమె ఒంట్లోంచి నేలలోకి దిగుతోంది. అది కనిపెట్టి ట్రిప్ స్విచ్ పడిపోతోంది. మీరు పీకెయ్యమన్నది దాన్నే."

"నువ్వూ దీని పక్షమేనన్నమాట. 'అన్నా' అని పిలిచినప్పుడే అనుకున్నాను. మీకు ముందే పరిచయమా?"

"ఈమెని చూడ్డం ఇదే మొదలు."

"ఏమో బాబూ, నేను నమ్మను. రెండేళ్లుగా ముట్టుకుంటున్నాను, నాకు చీమ కుట్టినట్టైనా లేదు."

"సరే, ప్లగ్గు పెట్టే ఉంది, స్విచ్చి వేసే ఉంది. మీరు చెప్పులు విప్పి, ఆ తడిలో నిలబడి, ఒక్క వేలితో తాకండి. ఏమీ కాకపోతే తప్పు ఈమెదే, పై ఇళ్లకి నేనే వెళ్లి చెప్తాను."

"దాన్నే తాకమను."

"వారం నుంచి తాకుతూనే ఉంది కదమ్మా. మీరు తాకండి. ట్రిప్ ఉంది, ప్రాణానికేం కాదు."

"అయ్యగారు వచ్చాక ఆయన చేత తాకిద్దాంలెండి అమ్మగారూ."

"నువ్వు నోర్ముయ్. ఆయన్నెందుకు లాగుతావ్?"

"ఒక్క వేలు చాలమ్మా."

"వద్దు బాబూ. నాకు చిన్న పిల్లలున్నారు."