పెన్సిల్ అంచు

భోజనాల వేళ కావడంతో ఇళ్ల ప్లాన్లు గీసే ఆ ఆఫీసు ఖాళీగా ఉంది. పాతికేళ్లుగా అక్కడే గీతలు గీస్తున్న నాన్న కంప్యూటర్‌కి ఆమడ దూరంలో నిలబడ్డాడు. దాని ముందు కూతురు కూర్చుంది.

“ఒక్కసారి వచ్చి చూడు నాన్నా.”

“నిరుడు చూసింది చాలమ్మా. తెర మీద రెండు ప్లాన్లూ కవల పిల్లల్లా ఉంటే, పూర్తికానిదాన్ని సైటుకి పంపాను. మెట్లు తీసుకెళ్లి నేరుగా గోడలోకి కట్టారు. మళ్లీ దాన్ని ముట్టుకుంటే ఒట్టు!”

“అందుకేగా, తెర మీద ప్లాన్లు తెరుచుకునే కిటికీల రూపం మార్చి కొత్త సాఫ్ట్‌వేర్ రాశాను. నాతో వచ్చిన మా కంపెనీ మేనేజరైతే ‘పిల్లల బొమ్మల పుస్తకంలా ఉంది’ అని నవ్వి, కింద టీ తాగడానికి వెళ్లాడు. తెర మీదున్న ఈ మూడు ప్లాన్లలో సైటుకి ఏది పంపాలో చెప్పు.”

“నువ్వేం చెప్పకుండా నాకెలా తెలుస్తుంది?”

“చెప్పను. చూడు.”

ఆయన కళ్లజోడు సర్దుకుని, రెండడుగులు ముందుకు వేశాడు.

“మధ్యది. అదీ ఒక ప్రశ్నేనా? దాని అంచు ఇంకుతో గీసినట్టుంది. మిగతా రెండింటికీ చేత్తో గీసిన వంకర పెన్సిల్ గీతలు. పెన్సిల్ గీతని నమ్మి గోడ కట్టేవాడు మేస్త్రీ ఎలా అవుతాడు?”

“రెప్పపాటులో చెప్పేశావు! నిరుడు తప్పు నీది కాదు నాన్నా, తెరది.”

ఆయన కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“లే.”

“ఎక్కడికి?”

“వెళ్లి మీ మేనేజర్ని పిలుచుకురా. ఆ కుర్చీ నాది. ఇవాళ్టి ప్లాన్ సైటుకి నేనే పంపుతాను.”