తువ్వాలు కట్టుకున్న పీఆర్వో

రా వెన్లా, రా. తలుపు గట్టిగా లాగు, వేడంతా పోతుంది. శనివారం కదే, పొద్దుటే పొయ్యి అంటించాను. రాళ్ళు కాగడానికి ఇంకాస్త టైముంది, ఈలోగా ఈ ముందుగదిలో కూర్చుని కాఫీ తాగు. ఏమిటీ, కలెర్వో సంగతా? మిల్లులో ఆ పేరు ఇంకా ఎవరన్నా తలుచుకుంటున్నారా? ఓహో, అవును, వాడి కుర్చీయేగా ఇప్పుడు నీది. కాగితం మిల్లు పీఆర్వో గారూ! ఏం లేదులే, నవ్వొచ్చింది. వాడు కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూళ్ళేదు. వాడి ఆఫీసల్లా ఈ ఆవిరిస్నానాల సౌనాయే. మిల్లువాళ్ళు దీన్ని కూలగొడతామంటే ఊరంతా ఊరుకుంది, నేనే వెళ్ళి బతిమాలి ఉంచుకున్నాను. లోపల ఆ పైబల్ల మీద ఎడమ మూల వాడిది, కుడి మూల నాది, మధ్యలో యూనియన్ లీడరు రెయినో. ముగ్గురికీ ఒంటిమీద నూలుపోగు ఉండదు. నేనెందుకా? ఊరి పత్రిక విలేకరిని కదటే! మీ అమ్మమ్మ చెప్పలేదూ? మా అక్కకి నేనంటే మొదట్నించీ చిన్నచూపే.

వాడి పద్ధతేమిటంటే, మంచి కబురైనా చెడ్డదైనా ముందు ఇక్కడ చెప్పాలి. రాళ్ళమీద గరిటెడు నీళ్ళు పోసేవాడు. ఆవిరి గుప్పున లేచేది. అది సర్దుకునేదాకా ఎవరం మాట్లాడం. అప్పుడు, ముక్కుతో మాట్లాడేవాడులే, "తయిస్తో, రేపు బాయిలరు ఆపుతున్నారు, రాసుకో" అనేవాడు. "ఎక్కడ రాసుకోనురా, తొడమీదా?" అని నేను. చర్చిలో అబద్ధమాడినవాళ్ళని చూశాను గానీ, సౌనాలో ఆడినవాణ్ణి చూళ్ళేదు. అందుకే రెయినో వాడి మాట నమ్మేవాడు. రెయినో నమ్మితే మిల్లంతా నమ్మేది. మీ పీఆర్ అంటే అంతేగా, ఇంకేముందీ?

సరే, మిల్లులో రెండో యంత్రం ఆపేసి, దానిమీద పనిచేసేవాళ్ళందర్నీ తీసేసిన ఏడు. హెడ్డాఫీసు వాళ్ళు హెల్సింకీలో అప్పుడే ఫ్యాక్సు పెట్టించుకున్నారు, కొత్త ముచ్చట. "మావాళ్ళకి నేను చెబుతాను, అందాకా ఆగండి" అన్నాడు కలెర్వో. ఆగుతామన్నారు. మమ్మల్నిద్దర్నీ ఇక్కడికి పిలిచాడు. నీళ్ళు పోశాడు. ఊరుకున్నాడు. ఇంకో గరిటె పోశాడు. ఊరుకున్నాడు. మనవాళ్ళ సంగతి తెలుసుగా, కడుపులో మాట నోటిదాకా రావాలంటే యుగం పడుతుంది. మేమూ తొందరపెట్టలేదు, అది మర్యాద కాదు. ఈలోగా హెల్సింకీలో ఎవడో ఫ్యాక్సు మీట నొక్కాడు. తిన్నగా రేడియోకి. మధ్యాహ్నం వార్తల్లో చదివేశారు. మేమింకా ఆవిర్లో ఉడుకుతున్నాం, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది! తలుపు దబదబా బాదారు. రెయినో పెళ్ళాం సిల్వి గొంతు, "బయటికి రారా కలెర్వో! మా పొయ్యి ఆర్పేసి నువ్వు వెచ్చగా కూర్చున్నావా!"

రెయినో తల తిప్పి, "నీకు ముందే తెలుసా?" అన్నాడు. "తెలుసు. చెప్పబోతున్నా." "ఎప్పుడు?" అంతే. బల్ల దిగిపోయాడు.

అటు సరస్సు వైపు కిటికీ ఉంది చూడు. నేనైతే అందులోంచి దూకేవాణ్ణి. వాడు తువ్వాలు చుట్టుకుని, చెప్పుల్లేకుండా, మంచులోకి నడిచాడు. ఒక్కొక్కామె అడుగుతోంది. "మా ఆయన?" "అవునమ్మా." "మా తమ్ముడు?" "వాడూనమ్మా." "మరి నీ ఉద్యోగం?" "ఉంటుంది." అదీ చెప్పాడే! అబద్ధమాడితే ఏం పోయేది? అందరూ అడగడం అయ్యేదాకా నిలబడ్డాడు. తడిజుట్టు గడ్డకట్టి పుల్లల్లా లేచింది. ఆఖరికి సిల్వి శాలువా తీసి వాడిమీద పడేసింది. కప్పింది అననులే, విసిరికొట్టింది.

రెయినో మరి రాలేదు. నేను తప్ప ఎవరూ రాలేదు. అయినా శనివారం శనివారం వాడు పొయ్యి అంటించి, ముగ్గురికీ తువ్వాళ్ళు పెట్టేవాడు. రెయినో ఆ రోడ్డున పోతూ పొగ చూసేవాడు, చూసి వెళ్ళిపోయేవాడు. "ఒక్క గరిటె ముందు చెప్పాల్సిందిరా తయిస్తో" అనేవాడు కలెర్వో. ఏళ్ళ తరబడి అదొకటే మాట. ఇప్పుడు ఆ మాట అనేవాడూ లేడు. రెయినో పోయాడు, పత్రికా మూసేశారు. శనివారం వస్తే నాకు దిగులేస్తుందే. ఆ బల్ల మరీ పొడుగ్గా కనిపిస్తుంది.

ఏదీ, నీ ఫోన్లో ఆ ఏఐ రాసిపెట్టిందేదో చదువు. ఒక్కొక్కరికీ ఒక్కో ఉత్తరమా? ఎవరి పేరు వాళ్ళకి వేసి, ఎవరి సర్వీసు వాళ్ళకి మెచ్చుకుంటూ... బాగుంది. ఎగతాళి కాదే, నిజంగానే బాగుంది, కలెర్వో జన్మలో ఇంత చక్కగా రాయలేదు. అంటే ఆఖరి యంత్రమూ ఆపేస్తున్నారన్నమాట. చావు కబురు చల్లగా చెప్పావు! మరి "మా ఆయన సంగతేమిటి" అని అడిగితే? జవాబూ అదే ఇస్తుందా? విసుక్కోకుండానా? అవున్లే, దానికి చలేస్తుందా ఏమన్నానా. అన్నీ అదే చేస్తే ఇక నువ్వెందుకంటారనా నీ బెంగ? దానికి నేర్పడానికి కలెర్వో మాటలు కావాలా? వాడి మాటలేమున్నాయే పిచ్చిపిల్లా. "అవునమ్మా" అన్నాడు. అంతే. నేర్పుకో.

నువ్వు సరేనని నొక్కితేనే వెళ్తాయా ఆ ఉత్తరాలు? రెండింటికి షిఫ్టు దిగుతుంది కదూ, అందరూ గేటు దగ్గరే ఉంటారు... నేనేం చెప్పడంలేదమ్మా, ఊరికే అన్నాను. అదేమిటి, లేచావు? స్నానం? నీకు తువ్వాలు కూడా తీసిపెట్టాను. సరే, సరేలే. టోపీ పెట్టుకో, చెవులు కప్పుకో. వెన్లా, ఫోను! ఫోను మర్చిపోయావే!

ఓహో. మర్చిపోలేదన్నమాట, మిల్లు గేటు దారే పట్టింది.

రాళ్ళు కాగిపోయాయి. నీళ్ళు పోసుకోవాలి.