చీనీ తోట

1966 జూన్‌లో ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించిన వారానికి, గుత్తిలో విదేశీ నీళ్ల ఇంజన్లు అమ్మే అంగట్లోకి చీనీ, అంటే బత్తాయి, తోట ఉన్న ఒక రైతు గొడ్డలితో వచ్చాడు.

"శెట్టీ, మాట్లాడుకున్న ధరకు ఇంజను ఇస్తావా, ఇయ్యవా?"

"ఎట్లియ్యాలన్నా? డాలరు అయిదు రూపాయల లోపుండేది, ఇప్పుడు ఏడున్నర అయినాది."

"ఈ ఇంజను పోయిన నెలే వచ్చిండాది గదా!"

"దీన్ని అమ్మితే ఇంకోటి కొత్త ధరకే తెచ్చుకోవల్ల."

"చీనీ చెట్లు ఎండిపోతాండాయని నా పెండ్లాం బిందెలతో నీళ్లు మోసింది. నిన్న కాలుజారి బాయిలో పడి సచ్చిపోయింది."

"అయ్యో! గొడ్డలి దించన్నా. పాత ధరకే తీసకపో."

"మొన్న నీ కాళ్లు పట్టుకున్నప్పుడు ఈ మాట అనింటే నా పెండ్లాం బతికుండేది!"

రైతు గొడ్డలి తిరగేసి, ఇంజను పగిలేదాకా కొట్టాడు.